ఎక్సురే శాఖలో పేరుచీటీ

ఎక్సురే చిత్రమును చేతికిచ్చి, ఇది ఎవరిదో చెప్పుడనిన చెప్పగలవారు లేరు. ఛాయాచిత్రములో ముఖమున్నది. దస్తావేజులో వ్రాలున్నది. ఎముకల చిత్రములో అట్టి ఆనవాలు ఏదియు లేదు. అరువది ఏండ్ల రైతు ఎడమ మోకాలును, అదే వయస్సుగల బడిపంతులు ఎడమ మోకాలును ప్రక్కప్రక్కన పెట్టిన, వారి భార్యలు సైతము గుర్తుపట్టజాలరు. 1895వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన జర్మనీ దేశమున వుర్ట్స్‌బర్గు నగరములో రాంట్‌జెన్ పండితుడు తన భార్య చేతిని ఎక్సు కిరణములతో చిత్రించినాడు. ఆ చిత్రము నేడు లోకప్రసిద్ధము. వ్రేలి ఎముక చుట్టును ఉంగరము కనిపించుచున్నదే గాని, ఆ చేయి ఫలానా ఆమెదని ఆ ఎముకలలో ఎచ్చటను లేదు. చరిత్ర చెప్పుటచే మనము నమ్ముచున్నాము. ఆసుపత్రిలో దినమునకు వందలకొలది చిత్రములు తీయునప్పుడు ఒక్కొక్క చేతికి చరిత్ర వచ్చి సాక్ష్యమీయదు. అచ్చట చీటీయే సాక్షి.

ఈ చీటీని గురించియు, దానిని అచ్చువేయు యంత్రమును గురించియు నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిమి. ఇవి ఆసుపత్రికి సరకులు కొను ఉద్యోగులు తలపోయవలసిన సంగతులు గదా, ఇంట రేడియో వినువారికేల యని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. కాని ప్రతి ఇంటను అటకమీదనో, బీరువా వెనుకనో ఒక పెద్ద కవరు ఉండనే ఉండును. అందు తాతగారి ఛాతీ చిత్రమో, కోడలి స్కానింగు కాగితమో, క్రికెట్టు ఆడబోయి చేయి విరుగగొట్టుకొన్న పిల్లవాని ఫిలిమో ఉండును. ఆ కవరుపై అంటించిన చీటీ నిజము చెప్పుచున్నదా లేదా యనునది ఇంటివారికి సంబంధింపని విషయము కాదు.

పొరపాటు ఎట్లు జరుగునో చూతము. ఒకే ఉదయమున ఎక్సురే గది ముందరి బల్లపై ఇద్దరు లక్ష్మమ్మలు కూర్చుండిరనుకొందము. ఇద్దరికిని ఏబది దాటినవి. ఇద్దరికిని దగ్గు. గుమాస్తా ఒకరి చీటీని మరియొకరి కాగితమునకు అంటించినాడు. మొదటి లక్ష్మమ్మ ఊపిరితిత్తిలోని క్షయ మచ్చ రెండవ లక్ష్మమ్మ పేరున పోయినది. అంతట ఆరోగ్యముగానున్న ఆమె ఆరు నెలలు మందు మ్రింగును. రోగగ్రస్తురాలు తనకేమియు లేదను మాట విని, సంతోషముతో ఇంటికిపోయి మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొనును. తక్కిన తప్పులు సాధారణముగా ఒకరికే కీడు చేయును. చీటీలు తారుమారైనచో కీడు జంటగా వచ్చును. చిత్రము తీసినవాడు నిపుణుడే, చదివిన వైద్యుడు సమర్థుడే, యంత్రము మేలైనదే, అయినను ఫలితమిది. 2007వ సంవత్సరములో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రతకై తొమ్మిది పరిష్కారములను ప్రకటించినప్పుడు, రోగిని సరిగా గుర్తించుట యనుదానిని వానిలో ఒకటిగా చేర్చినది. కనీసము రెండు ఆనవాళ్లు చూడవలెననియు, గది సంఖ్యను ఆనవాలుగా ఎంచరాదనియు అందు చెప్పిరి. మంచము నేడొకరిది, రేపొకరిది గదా!

పూర్వము ఈ పని సీసముతో జరిగెడిది. ఎక్సు కిరణములు సీసమును సులభముగా దాటలేవు గనుక, సీసపు అక్షరములను, అంకెలను ఫిలిము పెట్టెపై పెట్టి చిత్రము తీసిన, అవి చిత్రముతోబాటే తెల్లగా పడెడివి. తరువాత పెట్టె మూలను సీసపు రేకుతో మూసియుంచి, కిరణము సోకని ఆ జాగాపై చీకటి గదిలో పేరు వ్రాసిన కాగితము గుండ వెలుతురు పంపి, పేరును ఫిలిముపై పడజేయు పరికరము వచ్చినది. ఈ పద్ధతులు ఇప్పుడు సన్నగిల్లినవి. గాని సీసపు అక్షరములలో ఒక జంట మాత్రము నేటికిని ఉద్యోగము చేయుచునే యున్నది. ఎడమ, కుడి అను అర్థముల నిచ్చు ఎల్, ఆర్ అను ఆంగ్లాక్షరములే అవి. చిత్రము తీసిన పిదప కంప్యూటరు తెరపై ఈ గుర్తును చేర్చుట సాధ్యమే. అయినను మేము సీసపు గుర్తు పక్షమువారము. తెరపై పెట్టిన గుర్తు పెట్టినవాని జ్ఞాపకముపై ఆధారపడును. సీసపు గుర్తు రోగి శరీరము ప్రక్కన ఉండి, ఆ క్షణమున, ఆ కిరణములకే ఎదురై నిలిచినది.

నేడు చిత్రములు కంప్యూటరులోనే పుట్టుచున్నవి. అమెరికా దేశమునందలి రేడియాలజీ వైద్యుల సంస్థయు, విద్యుత్పరికరముల తయారీదారుల సంఘమును కలిసి 1985లో ఒక ప్రమాణమును ప్రకటించినవి. అదియే పెరిగి 1993లో డైకామ్ అను పేరు ధరించినది. దీని ననుసరించి ప్రతి చిత్రమునకు లోపలనే ఒక చీటీ ఉండును. రోగి పేరు, సంఖ్య, పుట్టిన తేది, పరీక్ష జరిగిన దినము, వేళ అందు నిర్ణీత స్థానములలో ఉండును. ఫిలిము అచ్చువేయు యంత్రము ఆ లోపలి చీటీలోని సమాచారమునే ఫిలిము అంచున ముద్రించును. కావున బయటి చీటీలతో పనిలేదని అమ్మకపువారు చెప్పుట కలదు. ఇది సగము సత్యము. లోపలి చీటీలో పేరు ఎవరు పెట్టిరి? నమోదు బల్లవద్ద ఒకసారి వ్రాసిన పేరు పనుల పట్టికగా స్కానింగు యంత్రము తెరపైకి వచ్చును. టెక్నీషియను ఆ పట్టికలో ఒక వరుసను ఎన్నుకొనును. వరుస తప్పినచో తప్పు పేరు చక్కని అక్షరములతో, ప్రతి ఫిలిముపైనను, ఒకే తీరున పడును. కొట్టివేతలుగల చేతివ్రాతను చూచిన మనకు అనుమానమైన కలుగును; అచ్చు అక్షరమును ఎవరును అనుమానింపరు. అందుచేతనే, రోగి మణికట్టు పట్టీపైనో చేతిలోని కాగితముపైనో గల గీతల సంకేతమును, అనగా బార్‌కోడును, యంత్రము చెంతనే చదివించి, పట్టికలోని వరుస దానంతట అదియే ఎన్నికయగునట్లు చేయుట మేలు. లోపలి చీటీకి బయటి చీటీ కాపలా.

ఇచ్చట మన తెలుగు పేర్లను గూర్చి కొంత చెప్పక తప్పదు. డైకామ్ పద్ధతిలో వంశనామము ముందు, పెట్టిన పేరు తరువాత రావలెను. చూచుటకు ఇది మన ఆచారమువలెనే యున్నది. మనకును ఇంటిపేరు ముందే గదా! కాని మనవారు ఇంటిపేరును పొడి అక్షరముగా కుదింతురు. కె. లక్ష్మి యను నామె ఒక ఆసుపత్రిలో కె వంశపు లక్ష్మిగాను, మరియొక ఆసుపత్రిలో లక్ష్మి వంశపు కె గాను నమోదగును. తరువాత పాత చిత్రము వెదకిన దొరకదు. పెండ్లియైన స్త్రీకి ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకొకదానిలో అత్తింటి పేరు ఉండును. పైగా ఆంగ్లలిపిలో ఒకే పేరును నలుగురు నాలుగు విధములుగా వ్రాయుదురు. లక్ష్మిలోని క్షకారమును ఇద్దరు గుమాస్తాలు ఒకే రీతిగా వ్రాసిననాడు పండుగ చేసికొనవచ్చును. పుట్టిన తేది మాటయో? పల్లెటూరి వృద్ధులు పెద్దగాలివాన వచ్చిన యేడు పుట్టితిమందురు గాని తేది చెప్పలేరు. గుమాస్తా జనవరి ఒకటి యని వేయును. ఆనాడు వచ్చిన ముసలివారందరును జనవరి ఒకటిననే పుట్టినట్లుండుట చూచి నవ్వుకొనవచ్చునే గాని, ఆనవాలుగా అది పనికిరాదు.

కనుక మన ప్రాంతములో చీటీకి ప్రాణము సంఖ్యయే. ఆసుపత్రి ఇచ్చు సంఖ్య ఆ రోగికి జీవితాంతము ఒక్కటే యగునట్లు చూడవలెను. వచ్చినప్పుడెల్ల క్రొత్త సంఖ్య ఇచ్చుట చీటీలను గుట్టలుగా పెంచుటకే. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తముగా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ పథకము క్రింద 14 అంకెల ఆరోగ్య సంఖ్యను పొందినవారు దానిని చూపిన, దానినిగూడ ముద్రింపవచ్చును. సంఖ్య, పూర్తి పేరు, వయస్సు, లింగము, ఊరు: ఈ అయిదును చీటీపై ఉండిన చాలును. భర్త పేరో తండ్రి పేరో ఉండుట ఇంకను మంచిది. రోగము పేరు మాత్రము ఉండరాదు. నడవాలో పదిమంది చదువు కాగితముపై అది ఎందుకు?

పేరు అడుగు తీరును ఈ సందర్భములోనిదే. "లక్ష్మమ్మగారేనా?" అని పిలిచిన, చెవి సరిగా వినబడని ముసలమ్మ "ఆఁ, నాయనా" అని లేచి వచ్చును. ఆసుపత్రివారు పిలిచినప్పుడు కాదనుట మర్యాద కాదని తలయూపువారును కలరు. అట్లుగాక, "అమ్మా, మీ పేరేమి? మీదే ఊరు?" అని అడిగి, ఆమె చెప్పినదానిని చీటీతో పోల్చవలెను. దీనికి యంత్రము అక్కరలేదు, టెండరును అక్కరలేదు.

ఇక యంత్రముల సంగతి. అంటుచీటీలను అచ్చువేయు ప్రింటరులలో ఆసుపత్రికి పనికివచ్చునవి ముఖ్యముగా రెండు జాతులు. మొదటిదానిలో కాగితమునకే వేడికి నల్లబడు పూత ఉండును. యంత్రపు తల వేడియై తాకినచోట అక్షరము పుట్టును. సిరా లేదు, రిబ్బను లేదు. మన బస్సు టిక్కెట్టు, దుకాణపు రసీదు ఈ జాతివే. రెండవదానిలో రిబ్బనుపై గల మైనమో, రెసిను అను జిగటపదార్థమో వేడికి కరగి చీటీకి అంటుకొనును. మొదటిది చౌక, సులువు, ఆయువు తక్కువ. రెండవది కొంచెము ఖర్చు, నిలుకడ ఎక్కువ. బస్సు టిక్కెట్టును చొక్కాజేబులో మరచి కొన్ని నెలలకు తీసి చూచినవారికి మొదటి జాతి గుణము వివరింప నక్కరలేదు.

ఏది మంచిదని అడుగుటకన్న, ఈ చీటీ ఎన్నాళ్లు బ్రతుకవలెను, ఎచ్చట బ్రతుకవలెను అని అడుగుట యుక్తము. ఉదయము వచ్చి సాయంకాలమునకు ఇల్లు చేరు రోగి కాగితములకు మొదటి జాతి చాలును. అయితే అందును పైపూతగల కాగితమునే కొనవలెను. 2020 నాటి కరోనా తరువాత ప్రతి బల్లమీదను చేతులు శుద్ధిచేసికొను ద్రవము సీసా ఉన్నది. ఆ స్పిరిటు తడిచేతితో పైపూతలేని కాగితమును ముట్టిన, అక్షరము చెదరుటయో, కాగితమే నల్లబడుటయో జరుగును. ఏండ్లు నిలువవలసిన ఫిలిము కవరునకు రిబ్బను చీటీ కావలెను. అల్ట్రాసౌండు చూచుచు సూదితో కణితినుండి తీసిన ముక్కను ఫార్మలిను సీసాలో వేసి ప్రయోగశాలకు పంపుదురు గదా, ఆ సీసాకు మాత్రము ఖర్చుకు వెనుదీయరాదు: పాలియెస్టరు చీటీ, రెసిను రిబ్బను. మైనపు అచ్చు స్పిరిటుకు ఆగదు. ఆ చీటీని సీసా ఒంటికి అంటింపవలెను గాని మూతకు కాదు. మూతలు మారును, మారినట్లు ఎవరికిని తెలియదు. రిబ్బనును చీటీయును ఒకదానికొకటి సరిపడునవిగా కొనుటయు ముఖ్యము. పాలియెస్టరుపై మైనము నిలువదు, చౌక కాగితముపై రెసిను సరిగా పట్టదు. విడివిడిగా టెండరులు పిలిచి, రిబ్బను ఒక దుకాణమునను, చీటీలు మరియొక దుకాణమునను కొనుట చూచుటకు పొదుపే. ఆ పొదుపు ఎన్నాళ్లుండునో చెప్పనక్కరలేదు.

జిగురు మాట ఎవరును తలపెట్టరు. రెంటచింతల ఎండలలో, ఫ్యాను మాత్రమే తిరుగు గదిలో, చౌకజిగురు చీటీ అంచులనుండి ఊరి కవరులను ఒకదానికొకటి అతికించును. యంత్రములోనికిని ఆ జిగురు పోయి తలను పాడుచేయును. ఫిలిముపైననే చీటీ అంటించు అలవాటు కొన్నిచోట్ల కలదు. చిత్రము పడిన మేర చీటీ రాకూడదు. చీటీ క్రింద ఏమున్నదో దేవునికెరుక.

బార్‌కోడు ఎంత జాగా తినునో లెక్కవేసి చూచుకొనుట మంచిది. ఆసుపత్రులలో ఎక్కువగా వాడు కోడ్ 128 అను పద్ధతిలో, అంకెలు మాత్రమే యున్న సంఖ్య అయినచో, రెండేసి అంకెలకు 11 ప్రమాణముల వెడల్పు కావలెను. ఆరంభమునకు 11, సరిచూచు గుర్తునకు 11, ముగింపునకు 13. పది అంకెల సంఖ్యకు అన్నియు కలిపి 90. అంగుళమునకు 203 చుక్కలు వేయు సాధారణ ప్రింటరులో మిల్లీమీటరునకు 8 చుక్కలు పడును. సన్నని గీతకు రెండు చుక్కలు, అనగా పావు మిల్లీమీటరు, ఇచ్చినచో సంకేతము వెడల్పు ఇరువదిరెండున్నర మిల్లీమీటరులు. రెండు ప్రక్కలను పదేసి ప్రమాణముల తెల్లజాగా వదలవలెను గనుక మరి 5. మొత్తము ఇరువదియేడున్నర. అదే సంఖ్యలో అంకెలకు బదులు అక్షరములు దూర్చిన, పది గుర్తులకే 41 మిల్లీమీటరులు దాటును. ఆసుపత్రి సంఖ్యలో ఊరి పేరు, శాఖ పేరు పొడి అక్షరములుగా చేర్చి ముచ్చటపడువారు ఈ లెక్క ఒకసారి చూడవలెను. చుట్టును వదలవలసిన తెల్లజాగా వృథా యని అందులో ఆసుపత్రి చిహ్నము అచ్చువేయించువారును కలరు. చదువు పరికరమునకు సంకేతము ఎచ్చట మొదలగునో తెలియనీయునది ఆ తెల్లజాగాయే.

ఇప్పుడు మణికట్టు పట్టీని చూడుడు. పట్టీ వెడల్పు సుమారు 25 మిల్లీమీటరులనుకొందము. ఇరువదియేడున్నర సంకేతము దానికి అడ్డముగా పట్టదు. పొడవుగా వేసినచో చేతి వంపునకు తిరిగి, ఒక కొస కనబడిన రెండవ కొస కనబడదు. పసిబిడ్డ చేయి అయినచో చెప్పనే వలదు. అందుచేత పట్టీపై గీతల సంకేతమునకు బదులు చదరపు సంకేతము వేయుట మేలు. టీకొట్టులో డబ్బు చెల్లించుటకు ఫోను చూపు క్యూ.ఆర్. గుర్తు ఈ జాతిదే. డేటామ్యాట్రిక్స్ అను దాని చెల్లెలు ఇంకను చిన్నజాగాలో ఇమిడిపోవును. చదరపు గుర్తులో కొంత భాగము చెరిగినను మిగిలినదానినిబట్టి చదువగల ఏర్పాటున్నది, క్యూ.ఆర్. గుర్తును అత్యధిక రక్షణతో అచ్చువేసిన నూటికి సుమారు 30 పాళ్లు చెడినను చదువవచ్చును. పట్టీ పొడవునా అదే గుర్తును నాలుగైదుసార్లు అచ్చువేసిన, నిద్రించు రోగి చేతిని త్రిప్పక, లేపక, ఏదో ఒకటి చదువవచ్చును. సిరంజిపై అయినచో గీతల సంకేతమును సిరంజి పొడవున వేయవలెను, చుట్టును కాదు.

మన భాషలో పేరు ముద్రించు ప్రశ్నను సరకు కొనువారు సాధారణముగా మరచెదరు. డైకామ్ ప్రమాణము యూనికోడ్ ద్వారా తెలుగు లిపిని అంగీకరించును. కాని చాల ప్రింటరులలో పుట్టుకతో వచ్చునవి ఆంగ్లాక్షరములే. తెలుగు అక్షరములను కంప్యూటరు బొమ్మగా చేసి పంపవలెను. లేనిచో గడులు గడులుగా పడును. బొమ్మగా పంపినను చాలదు. లక్ష్మి యను పేరునే తీసికొనుడు. అందు రెండవ అక్షరములో కకారముపై గుడి, క్రింద షకారపు వత్తు, దానితో మకారపు వత్తు. ఆంగ్లాక్షరము ఒక అంతస్తు ఇల్లైన, ఇది మూడంతస్తుల మేడ. 3 మిల్లీమీటరుల ఎత్తులో, మిల్లీమీటరునకు 8 చుక్కల యంత్రముతో దీనిని అచ్చువేసిన, మూడంతస్తులకును కలిపి 24 చుక్కలు దక్కును. చూచుటకు చీమలు కుట్టినట్లుండును. అంగుళమునకు 300 చుక్కల యంత్రము వేసినచో ఆ జాగాలోనే సుమారు 36 చుక్కలు, చదువ వీలగును. తెలుగునాట ఇంటింటను వినబడు స్త్రీ పేరు సరిగా పడని యంత్రమును తెలుగునాట కొనరాదని మా అభిప్రాయము. పేరు తెలుగులో ఉండిన, రోగియే దానిని చదివి "ఇది నాది కాదు" అని చెప్పగలదు. ఆంగ్లములో ఉండిన ఆ కాపలాదారును మనమే ఇంటికి పంపినట్లు.

చిత్రములనే అచ్చువేయు పెద్ద ప్రింటరుల విషయము వేరు. ఫిలిమును వెనుకనుండి వెలుతురు పెట్టి చూతుము. మంచి ఫిలిములో మిక్కిలి నల్లని చోటు తనపై పడిన వెలుతురులో వేయింట ఒక పాలునే దాటనిచ్చును. కాగితముపై వెలుతురు తిరిగివచ్చి కంటబడును. అచ్చట మిక్కిలి నలుపును సుమారు నూటనొక పాలు వెలుతురును తిరిగి పంపుచునే యుండును. కనుక ఫిలిములో వేరువేరుగా తోచు నీడలు కాగితముపై కలిసిపోవును. ఖర్చు తగ్గునని సాధారణ కాగితముపై ఛాతీ చిత్రములను అచ్చువేసి ఇచ్చుచోట్లు పెరుగుచున్నవి. విరిగిన ఎముక ఎట్లున్నదో రోగికి చూపుటకు అది చాలును. ఊపిరితిత్తిలోని పలుచని మచ్చను దానిపై చూచి నిర్ణయింపరాదు. ఆ పని కంప్యూటరు తెరపైనో, ఫిలిముపైనో జరుగవలెను. ఇప్పటి ఫిలిము యంత్రములు నీళ్లు, మందులు లేకయే వేడితో చిత్రమును తేల్చును. అంగుళమునకు 300 పైచిలుకు చుక్కలు చాల పనులకు సరిపోవును, రొమ్ము పరీక్షల ఫిలిమునకు 500 పైచిలుకు కావలెను. యంత్రము సరిగానున్నదా యని చూచుటకు ఒక పరీక్షచిత్రము కలదు. అందు నల్లని గడిలో నూటికి 5 పాళ్ల తేడాగల చిన్న గడియు, తెల్లని గడిలో అట్టిదే మరియొకటియు ఉండును. రెండును కంటికి కనబడిననే యంత్రము ఆరోగ్యముగానున్నట్లు. వారమునకొకసారి అచ్చువేసి చూచుట పెద్దపని కాదు.

వస్తువు ఎన్నిక గుమాస్తాపని యని తేలికగా తీసికొనువారికి ఒక్క సంగతి. 1929 మే 15వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లాండు క్లినిక్కులో నిలువచేసిన ఎక్సురే ఫిలిములు అంటుకొని, ఆ విషవాయువులకు, మంటలకు 123 మంది మరణించిరి. అవి నైట్రేటు ఫిలిములు. సులభముగా మండని అసిటేటు ఫిలిము అప్పటికే కలదు.

అల్ట్రాసౌండు యంత్రమునకు తగిలించిన చిన్న ప్రింటరు వేడి కాగితముపైననే చిత్రము వేయును. సుమారు 11 సెంటీమీటరుల వెడల్పుగల ఆ నిగనిగలాడు చుట్ట కాగితము ఎండకు, వేడికి, కొన్నిరకముల ప్లాస్టిక్కు సంచులకు క్రమముగా వెలిసిపోవును. గర్భస్థ పిండ పరీక్షలకు సంబంధించిన 1994 నాటి చట్టముక్రింద రికార్డులను రెండేండ్లు భద్రపరుపవలెను. ఆ గదిలో లింగనిర్ధారణ చేయబడదను పలకను ఆంగ్లములోను, స్థానిక భాషలోను కనబడునట్లు పెట్టవలెను. రికార్డు ఉండియు చిత్రము తెల్లకాగితమైన, ఉన్నట్లా లేనట్లా? అందుచే చిత్రమును కంప్యూటరులో దాచుట, కాగితమును చల్లని చీకటి అరలో ఉంచుట రెండును చేయవలెను.

అణువైద్య శాఖలో చీటీకి ఇంకొక బాధ్యత కలదు. టెక్నీషియం 99 ఎం అను పదార్థము సుమారు 6 గంటలలో సగమగును. ఉదయము 8 గంటలకు 20 పాళ్లున్నది మధ్యాహ్నము 2 గంటలకు 10. పెట్ స్కానింగులో వాడు ఫ్లోరిన్ 18 అయినచో 110 నిమిషములకే సగము. కనుక సిరంజి చీటీపై ఎంత యున్నదో వ్రాసి, ఏ వేళకు అంత యున్నదో వ్రాయనిచో ఆ అంకెకు అర్థము లేదు. సిరంజికి సీసపు తొడుగు వేసిన లోపలి చీటీ కనబడదు. తొడుగుపై రెండవ చీటీ ఉండవలెను. మందు ఎక్కించిన సిరంజిని చేతపట్టుకొని చీటీ అతికించుచు కూర్చుండరాదు గనుక చీటీ ముందే అచ్చై సిద్ధముగానుండవలెను.

ప్రింటరును ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న కొనుగోలు కన్న ముఖ్యము. నమోదు బల్లవద్ద పెద్ద లేసరు ప్రింటరుతో ఒకే రోగికి 24 చీటీల కాగితము అచ్చువేసి ఇచ్చుట చాల ఆసుపత్రులలో వాడుక. పనికి పది పట్టును. మిగిలిన పదునాలుగు బల్లపై పడియుండి, తరువాతి రోగి కాగితములలోనికి జారును. ఇద్దరు లక్ష్మమ్మల కథకు మూలము పెక్కుసార్లు ఈ మిగులు చీటీయే. పని జరుగుచోట చిన్న ప్రింటరు పెట్టి, కావలసినప్పుడు కావలసినన్నియే అచ్చువేయుట శ్రేయము. చీటీకి అయ్యెడి ఖర్చు కొంత పెరుగును, పెరుగనిండు. ఎం.ఆర్.ఐ. అయస్కాంతమున్న గదిలోనికి మాత్రము ప్రింటరునుగాని, ఇనుప క్లిప్పుగల అట్టనుగాని తీసికొనిపోరాదు. పని అంతయు తలుపు వెలుపలనే. లేసరు ప్రింటరు కాగితమును కాల్చి అతుకునప్పుడు ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగును గనుక, కంప్యూటరునకు పెట్టిన చిన్న బ్యాటరీ పెట్టెకు దానిని తగిలింపరాదు. చీటీల ప్రింటరు అంత లాగదు. కరెంటు పోయినప్పుడును రోగులు వచ్చుచునే యుందురు గదా!

కొనుటకు ముందు పరీక్ష ఇట్లు చేయవచ్చును. అమ్మువాని మాట వినుటకు ముందు ఇరువది చీటీలు అచ్చువేయించి తెచ్చుడు. కొన్నింటిని స్పిరిటు దూదితో పదిమార్లు రుద్దుడు. కొన్నింటిని సీసాలకు అంటించి శీతలపెట్టెలో ఒక రాత్రి యుంచుడు. కొన్నింటిని మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో ఒక దినము వదలుడు. తరువాత బార్‌కోడు చదువబడుచున్నదేమో చూడుడు. యంత్రపు తల అరగిపోవు వస్తువు. దాని వెల ఎంత, మార్చువారు జిల్లా కేంద్రమున కలరా, ఆ యంత్రము ఇతరుల చీటీలను అంగీకరించునా అని అడుగుడు. యంత్రమును అతి తక్కువకు అమ్మి, చీటీల చుట్టలపై లాభము తీయు వర్తకము ఈ సరకులో కలదు.

ఇంటివారి మాట చెప్పి ముగింతుము. ఫిలిము చేతికి రాగానే కవరుపై చీటీని, ఫిలిము అంచున అచ్చైన పేరును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పేరు, వయస్సు, సంఖ్య, తేది రెండింటను ఒకటిగా ఉండవలెను. చేయో కాలో అయినచో ఎడమయో కుడియో చూడుడు. తేడా యున్న ఇంటికి రాకమునుపే కిటికీవద్ద చెప్పుడు. ఫిలిమును మడవవలదు. రేకు కప్పు క్రింది అటక వేసవిలో పొయ్యివంటిది, గోడబీరువా మేలు. అల్ట్రాసౌండు కాగితమును ముచ్చటపడి వేడిమీద ప్లాస్టిక్కు తొడుగు వేయించినచో అది అక్కడికక్కడే నల్లబడును. తెచ్చిననాడే ఫోనుతో దానికొక ఛాయాచిత్రము తీసి, రోగి పేరు, తేది చేర్చి దాచుకొనుడు.